సాఫ్ట్‌వేర్ వాళ్లని మైకు ముందు తెలుగులో మాట్లాడించడం ఎలా

నా పాడ్‌కాస్ట్ కోసం ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగారితో రికార్డింగ్ అయిపోయింది. మైకులు బ్యాగులో సర్దుకుని, మాదాపూర్‌లో ఆయన ఆఫీసు కింద టీ బండి దగ్గర నిలబడ్డాం. అప్పుడు మొదలుపెట్టారాయన, "అసలు ఆ రోజు రాత్రి ఏమైందో తెలుసా?" అని. పేమెంట్లు ఆగిపోవడం, తప్పు సర్వర్ మీద కమాండ్ కొట్టిన కుర్రాడి చేతులు వణకడం, తెల్లవారుజామున నాలుగింటికి బ్యాకప్ ఎక్కించడం, అన్నీ వరసగా, చక్కటి ఖమ్మం తెలుగులో చెప్పుకొచ్చారు. నా బ్యాగులో ఉన్న గంట రికార్డింగ్‌లో వీటిలో ఒక్క ముక్క లేదు. అందులో ఉన్నదంతా "వీ ఫేస్డ్ సమ్ చాలెంజెస్" బాపతు మాటలే.

ఆ టీ బండి దగ్గరి మాట మైకు ముందుకు రావాలి. ఆయన తప్పేం లేదు, నేను అడిగిన తీరు అలాంటిది. అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాను. హైదరాబాద్‌లో ఉండి డెవలపర్లతో, ఐటీ పెద్దలతో తెలుగు పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఆ పద్ధతి మొదటి నుంచి చెబుతాను.

ఎవరి కోసం, ఎవరితో

ముందుగా వినేది ఎవరో ఒక్క మనిషిని తేల్చుకోండి. నేను మనసులో పెట్టుకున్నది కొండాపూర్ హాస్టల్‌లో ఉండే, మూడేళ్ల అనుభవమున్న ఒక అమ్మాయిని. రోజూ కంపెనీ క్యాబ్‌లో నలభై నిమిషాలు కూర్చుంటుంది. ఆమెకి జావా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కానీ అర్ధరాత్రి సిస్టమ్ పడిపోతే ముందు ఏం చూడాలో, ఎవరిని లేపాలో ఇంకా తెలియదు. మీరు అనుకున్నది ఒంగోలులో ఫైనల్ ఇయర్ చదివే కుర్రాడైతే ప్రశ్నలు వేరు. ఇద్దరికీ ఒకేసారి చెప్పబోతే ఇద్దరికీ అందదు.

తర్వాత గెస్టుల జాబితా. చాలామంది పెద్ద పేర్లతో మొదలుపెడతారు. నా మాట వింటే, మొదటి అయిదుగురూ పెద్ద పదవి లేనివాళ్లే ఉండాలి. డేటాబేస్ చూసుకునేవాళ్లు, టెస్టర్లు, పదిహేనేళ్లుగా ఒకే ప్రోడక్టు మీద కోడ్ రాస్తున్నవాళ్లు. వాళ్లని ఇంతవరకు ఎవరూ అడగలేదు, కాబట్టి బట్టీ పట్టిన జవాబులు ఉండవు. మీకూ అడగడం అలవాటవుతుంది.

మన ఊళ్లో ఇలాంటివాళ్లకి కొదవ లేదు. సైబర్ టవర్స్ తెరుచుకున్నదీ, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైందీ, మైక్రోసాఫ్ట్ ఇక్కడ డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టిందీ 1998లోనే. అప్పుడు పాతికేళ్లున్న ఇంజినీరుకి ఇప్పుడు యాభై దాటాయి. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుగా లెక్కేస్తాయన్న వై2కే సమస్య కోసం పాతకాలపు కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేస్తూ రాత్రుళ్లు గడిపినవాళ్లు రిటైర్మెంట్‌కి దగ్గరపడుతున్నారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల పొద్దున్నే బ్యాచ్‌లకి జావా చెప్పిన మాస్టార్లున్నారు. కంప్యూటర్‌ని తెలుగులో పలికించడానికి పనిచేసిన స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాలంటీర్లున్నారు. 2015లో స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్ మొదలయ్యాక కంపెనీ పెట్టి, మూసేసి, మళ్లీ ఉద్యోగంలో చేరినవాళ్లున్నారు. గెలిచిన కంపెనీ కథ ఎలాగూ పేపర్లో వస్తుంది. మూసేసినవాళ్ల దగ్గరికి మీరు వెళ్లండి.

పిలవడం, పర్మిషన్లు

"మా పాడ్‌కాస్ట్‌కి గెస్టుగా రండి" అని పంపితే జవాబు రాదు. ఏ విషయం మీద అడుగుతున్నారో ఒక్కటి రాయండి. నేను పంపేది ఇలా ఉంటుంది:

"నమస్కారమండీ. సాఫ్ట్‌వేర్ పని గురించి తెలుగులో పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. డేటాబేస్ మార్చిన సంగతి మీరు మీటప్‌లో చెబుతుంటే విన్నాను. రెండోసారి కూడా వెనక్కి వచ్చేశామన్నారు, ఎందుకో చెప్పలేదు. ఆ ఒక్క విషయం మీద గంటసేపు మాట్లాడగలరా? వచ్చే రెండు శనివారాల్లో ఎప్పుడైనా సరే, మీ ఇంటికే వస్తాను."

ఒప్పుకున్నాక వెంటనే అడగాల్సింది, "మీ ఆఫీసులో ఎవరి పర్మిషన్ అయినా కావాలా?" అని. చాలా కంపెనీల్లో బయట మాట్లాడాలంటే మేనేజరుకో, కమ్యూనికేషన్స్ టీముకో చెప్పాలి. కంపెనీ పేరు చెప్పకుండా సొంత హోదాలో మాట్లాడినా కొన్నిచోట్ల ఆ రూలు ఉంటుంది. ఇది ముందే తేలకపోతే ఎడిటింగ్ అంతా అయ్యాక "సారీ అండీ, వద్దన్నారు" అనే ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ నాకు వచ్చింది. ఇరవై గంటల పని పక్కన పెట్టాల్సి వచ్చింది, పైగా ఆ మనిషి నిద్ర లేకుండా టెన్షన్ పడ్డారు.

స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ పెద్దలైతే క్యాలెండర్ కూడా చూసుకోవాలి. మార్కెట్‌ని నియంత్రించే సెబీ నిబంధనల ప్రకారం లోపలి సమాచారం తెలిసినవాళ్లకి త్రైమాసికం ముగిసినప్పటి నుంచి, ఫలితాలు ప్రకటించాక 48 గంటల దాకా ట్రేడింగ్ విండో మూసి ఉంటుంది, అంటే ఆ కంపెనీ షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. ఆ రోజుల్లో పెద్ద హోదాలో ఉన్నవాళ్లు బయట నోరు విప్పడానికి వెనకాడతారు. అందుకని మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలాఖర్ల తర్వాత ఫలితాలు వచ్చి రెండు రోజులయ్యేదాకా వదిలేసి తేదీ అడగండి.

పీఆర్ టీములు ప్రశ్నలు ముందే పంపమంటాయి. నేను అంశాలు పంపుతాను, ప్రశ్నలు పంపను. ప్రశ్నలు పంపితే జవాబులు వేరేవాళ్లు రాస్తారు, గెస్టు చదువుతారు. దానికి బదులు ఒక మాట ఇస్తాను: ఎడిట్ చేసిన ఆడియో ముందు వాళ్లకే వినిపిస్తాను, కంపెనీ రహస్యం గానీ, మూడో మనిషికి ఇబ్బంది కలిగించేది గానీ ఉంటే మూడు రోజుల్లోపు చెబితే తీసేస్తాను. ఈ మాటని మెయిల్లో రాసి పెట్టుకోండి. నోటిమాటగా వదిలేయొద్దు.

ఒక్క రోజు పట్టుకోండి

ఈ మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే, కాబట్టి కాస్త ఆగుతాను.

"మీ జర్నీ గురించి చెప్పండి" అని అడిగితే ఎవరైనా రెజ్యూమే చదువుతారు. ఊరు, కాలేజీ, మొదటి ఉద్యోగం, ప్రమోషను. ఇరవై నిమిషాలు గడిచిపోతాయి, గుర్తుండేది ఒక్కటీ ఉండదు. దానికి బదులు గెస్టు జీవితంలో ఒక్క రోజు పట్టుకోండి. సిస్టమ్ పడిపోయిన రోజు. రాసిన కోడ్ మొత్తం పారేసిన రోజు. "ఇది చేయను" అని మేనేజరు మొహం మీద చెప్పిన రోజు. ఆ రోజు దొరికితే, పని ఎలా జరుగుతుందో అదే చెప్పిస్తుంది.

ఆ రోజుని వెతకడానికి రికార్డింగ్‌కి వారం ముందు ఇరవై నిమిషాలు ఫోన్లో మాట్లాడండి. అడగాల్సింది ఒక్కటే: "ఇప్పటికీ తలచుకుంటే గుండె దడదడలాడే రోజు ఏదైనా ఉందా?" వాళ్లు చెప్పడం మొదలుపెట్టగానే ఆపండి. "ఇది మైకు ముందు చెప్పండి, ఇప్పుడొద్దు" అనండి. ఫోన్లో ఒకసారి పూర్తిగా చెప్పేస్తే రెండోసారి చెప్పేటప్పుడు చప్పబడిపోతుంది. ఆ తర్వాత మీరు చదువుకోవాల్సింది చదువుకోండి. వాళ్లు కోడ్ పెట్టే గిట్‌హబ్ పేజీ, మీటప్‌లో ఇచ్చిన ప్రసంగాలు, కంపెనీ ఇంజినీరింగ్ బ్లాగ్.

ప్రశ్నలు ఎలా అల్లాలో ఒక ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమే ఐఫోన్లని పడగొట్టింది. 'జ్ఞ' తర్వాత కంటికి కనపడని ఒక క్యారెక్టర్, ఆపైన దీర్ఘం, ఈ వరసలో ఉన్న మెసేజ్ వస్తే దాన్ని తెరమీద చూపించబోయి యాప్ కుప్పకూలేది. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ఇప్పుడు ఫాంట్ల మీద, ప్రతి అక్షరానికీ కంప్యూటర్లో ఒక నంబరిచ్చే యూనికోడ్ మీద పనిచేసే ఒక తెలుగు ఇంజినీరు మీ ఎదురుగా ఉన్నారనుకోండి. "ఆ బగ్ మీద మీ అభిప్రాయం?" అంటే రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. ఇలా అడిగి చూడండి: "ఆ వార్త మీకు ఎవరు పంపారు? అప్పుడు మీరెక్కడున్నారు? చూడగానే కారణం ఏమై ఉంటుందనుకున్నారు? ఆ అనుమానం నిజమైందా? జ్ఞ రాయడానికి కంప్యూటర్ లోపల ఎన్ని ముక్కలు కలవాలి? ఆ ముక్కల మధ్య కనపడనిది ఒకటి ఎందుకు పెట్టారు?" మొదటి రెండూ జ్ఞాపకానివి, చివరి రెండూ పనివి. జ్ఞాపకంతో తలుపు తెరిస్తే పని దానంతటదే బయటికొస్తుంది. ఈ వరస తిరగేయొద్దు.

ఐటీ పెద్దలతో ఇంకొంచెం కష్టం. ఏళ్ల తరబడి వేదికల మీద మాట్లాడి మాట్లాడి ట్రాన్స్‌ఫర్మేషన్, ఇన్నోవేషన్ లాంటి మాటల దగ్గరే ఆగిపోతారు. వాళ్లని అభిప్రాయాలు అడగొద్దు, నిర్ణయాలు అడగండి. "ఆ ప్రాజెక్టు ఆపేయాలని ఏ నెలలో అనుకున్నారు? అప్పటికి ఎంతమంది పనిచేస్తున్నారు? వాళ్లకి ఎవరు చెప్పారు, ఏ గదిలో?" లేఆఫ్‌ల గురించి కూడా అడగాలి. వినేవాళ్లలో ఆ మెయిల్ అందుకున్నవాళ్లు ఉంటారు. గొంతు పెంచక్కర్లేదు, క్షమాపణలు చెప్పుకుంటూ అడగక్కర్లేదు. మర్యాదగా, సూటిగా అడగండి. జవాబు దాటవేస్తే ఇంకోసారి అడగండి, మూడోసారి వద్దు. దాటవేశారన్న సంగతి వినేవాళ్లకి అర్థమైపోతుంది.

ఇక భాష. గెస్టు ఇంగ్లీషులోకి జారితే మీరు ఇంగ్లీషులోకి వెళ్లొద్దు. తర్వాతి ప్రశ్న తెలుగులోనే అడగండి, రెండు నిమిషాల్లో వెనక్కి వస్తారు. డిప్లాయ్, సర్వర్, క్యాష్ (డబ్బు కాదు, మాటిమాటికీ కావాల్సిన డేటాని దగ్గర పెట్టుకునే cache) లాంటి మాటలకి బలవంతపు తెలుగు అక్కర్లేదు. కానీ మొదటిసారి వచ్చినప్పుడు అర్థం చెప్పించండి. ఒక గెస్టు క్యాష్‌ని ఇలా చెప్పారు: "మా ఇంట్లో పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉంటుంది. ఆవాలు, జీలకర్ర కావాల్సినప్పుడల్లా స్టోర్ రూముకి పరిగెత్తరు కదా, అదే క్యాష్." ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

"గారు", "మీరు" చాలు. వాక్యానికొక "సర్" పెడితే వినేవాళ్లకి విసుగు. ఇంకొక మాట నాకు చాలా ముఖ్యం. నల్గొండ మనిషి "చేసినం", "పోయినం" అని చెబుతుంటే అలాగే చెప్పనివ్వండి. శ్రీకాకుళం యాస అయినా అంతే. మైకు చూడగానే కొందరు పుస్తక భాషలోకి వెళ్లిపోతారు. "మీ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి" అని ముందే చెబితే భుజాలు దిగడం మీకే కనిపిస్తుంది.

గది, మైకు

గచ్చిబౌలిలో ఒక ఆఫీసు కాన్ఫరెన్స్ రూములో రికార్డ్ చేశాను ఒకసారి. ఖరీదైన బల్ల, మూడువైపులా అద్దాలు. కళ్లకి అద్భుతంగా ఉంది, ఇంటికెళ్లి వింటే ఇద్దరం బావిలో కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంది. అద్దం గొంతుని తిరగ్గొడుతుంది. ఆ ప్రతిధ్వనిని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీసేయలేదు. గదిలోకి వెళ్లగానే ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. 'టప్' అని ఆగిపోతే మంచి గది. 'టప్‌ప్‌ప్' అని సాగితే వేరే గది చూసుకోండి.

అన్నిటికంటే మంచిది పడకగది. పరుపు, కర్టెన్లు, బట్టలతో నిండిన బీరువా తలుపు తెరిచి పెడితే చాలు. గెస్టు వెనక గోడకి బొంత వేలాడదీయండి. ఫ్యాను ఆపాల్సిందే. ఎండాకాలమైతే అరగంట ముందు ఏసీ వేసి గది చల్లబరిచి, రికార్డింగ్‌కి ఆపేసి, ఇరవై అయిదు నిమిషాలకోసారి విరామం ఇవ్వండి. ఫ్రిజ్ మోత వినిపిస్తే స్విచ్ ఆపి, మీ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి. తాళం లేకుండా ఇంటికి వెళ్లరు కాబట్టి స్విచ్ మళ్లీ వేయడం మర్చిపోరు. ఆదివారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య మన ఊరు నిశ్శబ్దంగా ఉంటుంది. బోనాల వారాల్లో, వినాయక చవితి పది రోజుల్లో, పక్కన ఫంక్షన్ హాలు ఉన్న పెళ్లిళ్ల సీజన్లో తేదీ పెట్టుకోవద్దు.

మైకుల్లో డైనమిక్ రకం తీసుకోండి. కండెన్సర్ మైకు సున్నితమైనది, వీధిలో హారన్ కూడా పట్టేస్తుంది. డైనమిక్ మైకు దగ్గరున్న గొంతునే గట్టిగా పడుతుంది. నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త పక్కకి పెట్టండి. ఎదురుగా పెడితే 'ప', 'భ' అన్నప్పుడల్లా గాలి కొడుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో సామాను దొరుకుతుంది. మీ ఇయర్‌ఫోన్లు తీసుకెళ్లి, విని చూసి కొనండి. డబ్బు లేకపోతే రెండు ఫోన్లు చాలు, ఒక్కొక్కరి ముందు ఒక్కొక్కటి, ఏరోప్లేన్ మోడ్‌లో. ఎలా చేసినా ఇద్దరి గొంతులూ వేర్వేరు ట్రాకుల్లో ఉండాలి. ఒకరి దగ్గు రెండోవారి మాట మీద పడితే విడదీయడానికి అదొక్కటే దారి.

సెట్టింగులు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైల్. ఒక్కో ట్రాకు గంటకి దాదాపు 520 ఎంబీ అవుతుంది, కార్డులో చోటు చూసుకోండి. గట్టిగా మాట్లాడినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. సున్నాని తాకితే గొంతు పగులుతుంది, దాన్ని బాగుచేయలేం. మీరు హెడ్‌ఫోన్లు తీయొద్దు. మొదలుపెట్టే ముందు ఇద్దరూ ముప్పై సెకన్లు మౌనంగా కూర్చోండి. ఆ నిశ్శబ్దం ఎడిటింగ్‌లో అవసరపడుతుంది.

గెస్టు సియాటిల్‌లోనో, బెంగళూరులోనో ఉంటే వీడియో కాల్ శబ్దాన్ని నమ్ముకోవద్దు. కాల్‌లో మాట్లాడుకుంటూనే ఎవరి దగ్గర వాళ్లు ఫోన్లో రికార్డ్ చేసి, ఆ ఫైల్ పంపుకోవాలి. మొదట్లో ఇద్దరూ ఒకేసారి చప్పట్లు కొడితే రెండు ట్రాకులనీ సరిచూసుకోవచ్చు. సియాటిల్‌లో రాత్రి ఎనిమిదంటే మనకి మర్నాడు పొద్దున వాళ్ల వేసవిలో ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర.

రికార్డ్ నొక్కాక

టీ తాగుతున్నప్పుడే, చెప్పి మరీ, రికార్డర్ ఆన్ చేయండి. "ఇప్పటి నుంచి రన్ అవుతోందండీ, వద్దనుకున్నది తర్వాత తీసేద్దాం." మొదటి పది నిమిషాలు ఎలాగూ పోతాయి, పోనివ్వండి.

జవాబు అయిపోయిందనిపించగానే తర్వాతి ప్రశ్నకి దూకొద్దు. మనసులో మూడు అంకెలు లెక్కపెట్టండి. ఆ మౌనంలోనే "అంటే... నిజానికి..." అంటూ అసలు మాట వస్తుంది. "ఊఁ, ఊఁ" అనడం మానేసి తల ఊపండి.

ఒక గెస్టు సర్వర్ల అమరిక చెబుతూ బల్ల మీద వేలితో గీయడం మొదలుపెట్టారు. ఇక్కడొక పెట్టె, అక్కడొకటి, మధ్యలో గీత. మైకుకి వినపడింది గోరు గీసుకుపోయిన చప్పుడు ఒక్కటే. "మీరిప్పుడు గీస్తున్నది చూడలేనివాళ్లకి చెప్పండి" అన్నాను. ఆగి, బల్ల వంకే చూస్తూ, "ఎడమ పక్కన ఆర్డర్లు తీసుకునేది, కుడి పక్కన డబ్బు లెక్క చూసేది. ఈ రెండిటి మధ్య తీగ లాంటిది ఒకటుంది, ఆ రోజు తెగింది అదే" అన్నారు. ఆ ఎపిసోడ్‌కి ప్రాణం ఆ వాక్యమే. చేతులు కదిలినప్పుడల్లా ఈ ప్రశ్న అడగండి.

అడగాల్సినవి అయిపోయాయని చెప్పాక కూడా రికార్డర్ ఆపకండి. "ఇంకా రన్ అవుతోంది, పర్వాలేదా?" అని అడిగి, ఊరికే కూర్చోండి. టీ బండి దగ్గరి మాట వచ్చేది ఇక్కడే.

కోత

మొదటిసారి ఏమీ కోయకుండా మొత్తం వినండి, బాగున్నచోట నిమిషం, సెకను రాసుకోండి. గంట మాటలు నలభై నిమిషాలకి రావాలి. ప్రశ్న ఒకటి, జవాబు వేరొకదానిది అతికించడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. తడబాట్లు కొన్ని ఉంచండి, ఆలోచించుకునే చప్పుడు అది. క్లయింట్ల పేర్లు, తప్పు చేసిన తోటి ఉద్యోగి పేరు, గెస్టు అడగకపోయినా తీసేయండి. ఆ కమాండ్ కొట్టిన కుర్రాడికి ఇప్పుడు ఎక్కడో ఉద్యోగం ఉంటుంది.

ఉచితంగా దొరికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ సరిపోతుంది. 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది శబ్దాలని తగ్గించేది) వేస్తే మన కరెంటు 50 హెర్ట్జ్ మోత తగ్గుతుంది. నాయిస్ రిడక్షన్ తేలిగ్గా వాడండి, ఎక్కువైతే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. చివరికి శబ్దం స్థాయి ఆపిల్ సూచించినట్టు మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌ (చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) దాకా తెచ్చి, 128 కేబీపీఎస్ ఎంపీ3గా తీయండి. గంటకి 58 ఎంబీ దాకా వస్తుంది.

బయటికి వదలడం

హోస్టింగ్ సర్వీసులో ఫైల్ పెడితే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (కొత్త ఎపిసోడ్లని యాప్‌లకి అందించే లింకు) ఇస్తుంది. దాన్నే ఆపిల్‌కి, స్పాటిఫైకి ఇవ్వాలి. కవర్ బొమ్మ చతురస్రంగా, 3000 పిక్సెళ్లు ఉండాలి. ఫీడ్‌లో భాష తెలుగని పెట్టండి. యూట్యూబ్‌లో కూడా వేయండి, మా ఇంట్లో పెద్దవాళ్లు వినేది అక్కడే. టైటిల్‌లో గెస్టు హోదా కాకుండా జరిగింది రాయండి: "పేమెంట్లు ఆగిపోయిన రాత్రి" అంటే ఎవరైనా నొక్కుతారు. మెషీన్ రాసిన ట్రాన్‌స్క్రిప్ట్‌లో తెలుగు, ఇంగ్లీషు కలిసినచోట తప్పులు దొర్లుతాయి, ఒక పూట కూర్చుని చేత్తో దిద్దండి. చెవులు వినపడనివాళ్లకి మీ ఎపిసోడ్ అంటే అదే.

లింకు గెస్టుకి ముందు పంపండి. "మొత్తం వినే తీరిక లేకపోతే 31వ నిమిషం వినండి, అక్కడ మీరు చాలా బాగా చెప్పారు" అని రాయండి. వాళ్లు విని జవాబిచ్చాక ఇంకొక్కటి అడగండి: "ఆ రాత్రి మీతోపాటు మేలుకుని ఉన్నది ఇంకెవరండీ?" వచ్చిన పేరుకి ఆ వారంలోనే మెసేజ్ పెట్టండి.